పసుపు రాసిన కాలు

మా కొట్టుకీ పక్క కొట్టుకీ మధ్య గోడ పలచన. అటు ఎవరైనా తుమ్మితే ఇటు నేను చిరంజీవ అనేటంత పలచన. టెక్సస్‌లో ఇర్వింగ్ అనే ఊళ్ళో ఇండియన్ కొట్లన్నీ వరసగా ఉన్న ఒక స్ట్రిప్ మాల్‌లో మాది చివరి నుంచి రెండోది. చివరిది లాం సీఫూ గారి కుంగ్‌ఫూ బడి. సీఫూ అంటే చైనా మాటలో గురువట. ఆ గోడ పొడుగునా మేం పచ్చళ్ళ సీసాలు సర్దాం. పొద్దున పది దాటాక అటునుంచి టక్, టకటక్, టక్ అని కొయ్య చప్పుడు మొదలయ్యేది. ఆవకాయ సీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగేవి. ఆహా, దమయంతక్క వచ్చింది అనుకునేదాన్ని.

నా పేరు ఉష, మాది కరీంనగర్. కలలు కనే ఓపిక నాకు లేదు, కన్నవాళ్ళు చెప్తే వినే ఓపిక అంతకన్నా లేదు. కౌంటర్‌లో కూర్చునేదానికి కలలేమిటి? అయినా ఆ చప్పుడు వింటూ ఎన్నిసార్లు కొత్తిమీరకి పుదీనా బిల్లు కొట్టానో దేవుడికే తెలియాలి. అది మామూలు చప్పుడు కాదు. బయట ఎండకి పార్కింగ్ లాట్ తారు మరిగిపోతూ, కార్లన్నీ నీళ్ళలో నిలబడ్డట్టు కనిపించే వేళ, ఎక్కడో లోపలినుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు వినిపించేది. తీస్తే ఎవరుంటారో అనిపించేది.

దమయంతక్క ఏలూరులో ఆడపిల్లల కాలేజీలో బోటనీ చెప్పేదట. భర్త చక్రపాణిగారికి ఇక్కడికి దగ్గర్లో లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. ఆయన వెంట వచ్చిన ఈవిడ వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు. అలాంటివాళ్ళని ఇక్కడ డిపెండెంట్ అంటారు. గ్రీన్‌కార్డ్ లైన్ కదలక, ఏళ్ళకి ఏళ్ళు ఆవిడ ఆ మాట కిందే బతికింది. ఎక్కడికి వెళ్ళినా చక్రపాణిగారి భార్య, కాకపోతే దేదీప్య వాళ్ళమ్మ. దమయంతి అనే పేరు ఒకటుందని ఊళ్ళో సగం మందికి తెలియదు. నాకు ఒళ్ళు మండేది. ఆవిడ మాత్రం నవ్వి ఊరుకునేది, కానీ ఆ నవ్వు పెదాలు దాటి కళ్ళదాకా వచ్చేది కాదు.

కుంగ్‌ఫూ బడికి మొదట వచ్చింది కూతురు. రెండువేల ఏడులో, దేదీప్యకి పదేళ్ళప్పుడు, కరాటే క్లాసులో చోటు లేదని ఇక్కడ చేర్పించారు. పిల్ల లోపల గెంతుతుంటే తల్లి మూల బల్ల మీద కూర్చునేది. నెల తిరక్కుండానే పిల్లకి విసుగొచ్చింది. తల్లికి రాలేదు. సీఫూ గారు ఒకరోజు బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడట. ఒళ్ళో పెట్టుకున్న ఆవిడ చేతులు, ఆవిడకే తెలియకుండా, పిల్లలకన్నా ముందు కదిలిపోతున్నాయి. నీ పేరేమిటని అడిగాడు. చెప్పింది. దమా, లే, అన్నాడు. ఆవిడని పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో, ఆ రోజు మా కొట్టుకొచ్చి ఏం కొనకుండానే కాసేపు నిలబడి వెళ్ళింది.

లాం సీఫూ గారిది హాంకాంగ్. డెబ్భై దాటిన మనిషి, బక్కపలచగా ఉండేవాడు. మా కొట్లో నెలనెలా మైసూరు ఊదొత్తులు కొనేవాడు. బడిలో ఎర్రపలక మీద వాళ్ళ గురుపరంపర పేర్లుంటాయి, దాని ముందు నాలుగు కమలాపళ్ళు పెట్టి ఊదొత్తి వెలిగించందే పాఠం మొదలెట్టడు. మన ఇళ్ళలో దేవుడి గూడుకీ దానికీ నాకు పెద్ద తేడా కనిపించలేదు. బడి మూల ఒక నల్లగుడ్డ కప్పిన ఆకారం ఉండేది. దాని గురించి అడిగితే మాత్రం, చేతులు సిద్ధమయ్యాక చూద్దువుగాని అనేవాడు.

మూడేళ్ళు పట్టింది ఆ గుడ్డ తియ్యడానికి. ఆ రోజు దమయంతక్క నన్ను కూడా పిలిచింది. నున్నటి కొయ్య దూలం, మనిషి ఎత్తున, రెండు అడ్డపట్టీల మీద వేలాడుతూ ఉంది. దానికి మూడు చేతులు, మోకాలు వంచిన ఒక్క కాలు. ముఖం లేదు. సీఫూ దాన్ని కొయ్యమనిషి అన్నాడు. దాని చేతులకి మన చేతులు తగిలిస్తూ, తోస్తూ, తప్పించుకుంటూ తిరగడమే సాధన. అది తిరిగి కొట్టదు, కానీ మనం తప్పుగా నిలబడితే మన చెయ్యే విరుగుతుందట. నేను ఒక్కసారి తట్టి చూశాను. ముంజేయి ఝల్లుమంది, మళ్ళీ దాని జోలికి పోలేదు.

దమయంతక్క అలా కాదు. దాని ముందు నిలబడి, కొత్త పెళ్ళికూతుర్ని చూసినట్టు పైనుంచి కిందకి చూసింది. టేకు, అంది. అంతే. ఆ రోజు నుంచి దాన్ని 'ఆవిడ' అనడం మొదలెట్టింది. ఇవాళ ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి ఉషా, అనేది. ఇవాళ ఆవిడకి బద్ధకంగా ఉంది, అనేది. కొయ్యకి బద్ధకమేంది అక్కా అని నేను వేళాకోళం చేస్తే, వానాకాలం బిగుసుకుంటుంది కదా మరి, అని మళ్ళీ బోటనీ లెక్చరర్ అయిపోయేది.

ఆ సాధన వరస మొత్తం నూటెనిమిది కదలికలని సీఫూ చెప్పాడు. వేరే బడుల్లో లెక్క కొంచెం అటూ ఇటూ ఉంటుందట గానీ ఈయన గురువు లెక్క అదే. నూటెనిమిది అని వింటే తెలుగువాళ్ళకి ఏం గుర్తొస్తుంది? అష్టోత్తరం. దమయంతక్కకి లక్ష్మీ అష్టోత్తరం నిద్రలో లేపినా వచ్చు. ఇంకేముంది, ఒక్కో కదలికకీ ఒక్కో నామం తగిలించేసింది. చెయ్యి పైకి తోస్తూ ఒక నామం, పక్కకి తిప్పుతూ ఒక నామం. పెదాలు కదులుతుండేవి, చేతులు వాటంతట అవే వెళ్ళేవి. మిగతా శిష్యులు ఏళ్ళకొద్దీ మర్చిపోయి మొదటికొచ్చే వరస ఈవిడకి ఎలా నిలుస్తోందని సీఫూ గారు ఆశ్చర్యపోయాడు. చెప్తే నవ్వలేదు. మీ పేర్లు నాకూ ఒకసారి వినిపించు, అన్నాడట. వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

సాధన చేసేటప్పుడు ఏమవుతుంది అక్కా నీకు, అని ఒకసారి అడిగాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, ఇద్దరం మా కొట్టు వెనక గుమ్మంలో టీ తాగుతున్నాం. దూరంగా హైవే మీద కార్ల హోరు ఆగకుండా వస్తోంది.  ఏలూరు కాలవలో పడవ మీద నుంచి చెయ్యి నీళ్ళలో పెడితే, నీళ్ళు వెళ్తున్నాయో మనం వెళ్తున్నామో తెలియదు చూడు, అలాగ, అంది. కాసేపటికి ఈ ఊరు పోతుంది, అపార్ట్‌మెంట్ పోతుంది, ఎండ పోతుంది, ఆవిడా నేనూ ఉంటాం, అంది. టీ చల్లారిపోయింది. 

ఇంతలో మా తెలుగువాళ్ళలో ఒకావిడ, విజయశ్రీగారి కొత్తింటి గృహప్రవేశం వచ్చిపడింది. దమయంతక్క చీర కట్టుకుని వెళ్ళింది, జాకెట్టు చేతులు మోచేతిదాకానే. వడ్డిస్తుంటే ముంజేతుల మీద కమిలిన మచ్చలు అందరి కళ్ళలో పడ్డాయి. సాధన చేసినవాళ్ళకి అవి మామూలే. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. సాయంత్రానికల్లా చక్రపాణిగారు పెళ్ళాన్ని కొడతాడట అన్న వార్త ఎక్కడో జార్జియాలో కమ్మింగ్‌లో ఉన్న మా ఆడపడుచుకి కూడా చేరింది. పాపం ఆయన చీమకి కూడా దారిచ్చి నడిచే మనిషి. నేను ఊరుకోలేదు. మాట్లాడిన ఇద్దర్ని కొట్టుకి పిలిచి, గోడకి చెవి ఆనించి వినమన్నాను. విన్నారు, నమ్మారు, తల వంచుకుని పోయారు. కానీ ఆ మాట ఆయన చెవిన పడనే పడింది. అందరిలో తలెత్తుకోలేకపోయానని బాధపడ్డాడట. మానెయ్యమని అనలేదు. పొడుగు చేతుల జాకెట్లు వేసుకోమన్నాడు, అంతే. ఆ తర్వాత ఆవిడని దింపడానికొచ్చినా వ్యాన్ దిగేవాడు కాదు. ఇంజన్ ఆపకుండా, ఏసీ వేసుకుని, బడివైపు చూడకుండా కూర్చునేవాడు.

టెక్సస్ జులైలో పొడుగు చేతులు. అడిగితే అలవాటైపోయిందిలే అనేది దమయంతక్క.

రెండువేల పదమూడు సెప్టెంబర్‌లో సీఫూ గారు బడి మూసేస్తున్నానన్నాడు. మోకాళ్ళు సహకరించడం లేదు, శాన్ ఫ్రాన్సిస్కోలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతాడట. అక్టోబర్ ఆఖరు శనివారం చివరి రోజు. మరి కొయ్యమనిషి? దానికి వాళ్ళ గురువు పెట్టిన ఆచారం ఒకటుంది. మొదటినుంచి చివరిదాకా ఆగకుండా వరస చేసి చూపించిన శిష్యుడికే అది వెళ్తుంది. సీఫూకి ఆయన గురువు దగ్గర్నుంచి అలాగే వచ్చింది. ఎవరూ చెయ్యలేకపోతే హ్యూస్టన్‌లో ఉన్న సహాధ్యాయి బడికి పంపించేస్తాడు. చేతగానివాళ్ళ ఇంటికెళ్తే కొయ్యమనిషి బట్టలారేసుకునే కొయ్య అవుతుందని ఆయన బాధ.

మిగిలిన శిష్యుల్లో అంతదూరం వచ్చింది దమయంతక్క ఒక్కతే. ఆవిడకి రావలసింది కాళ్ళ పని ఒక్కటే. ఈ సీఫూ పద్ధతిలో చేతుల పనంతా ఒంటబట్టాక గానీ తన్నులు నేర్పరు. వరసలో తన్నులొచ్చే చోట ఆవిడ ఇన్నాళ్ళూ కదలకుండా నిలబడి, నామం మాత్రం చెప్పుకుని, ముందుకి వెళ్ళేది. ఇప్పుడు ఆ ఖాళీలు పూరించాలి. గాలిలో తన్నడం నేర్చేసుకుంది. ఇక కొయ్య మీద మొదలుపెట్టాలి. కొత్త విద్య ఎప్పుడు మొదలెడతారు మనవాళ్ళు? విజయదశమికి. పది రోజుల్లో పండగ ఉంది కదా, ఆ రోజే మొదలెడతానంది. నాకూ సబబే అనిపించింది.

ఆవిడ ఫలానాది తనకి కావాలని నాతో ఎప్పుడూ అనలేదు. ఆ రోజు మాత్రం కరివేపాకు ప్యాకెట్లు ఏరుతూ ఏరుతూ అంది, "ఈ దేశంలో అన్నీ నాకు ఆయన వల్ల వచ్చినవే ఉషా. ఆవిడొక్కతే నా వల్ల నాకు వచ్చేది."

పండగ ముందు రాత్రి ఆవిడకి కల వచ్చింది. చెప్తానంటే, కలలు నాకు చెప్పకని నేను అననేలేదు. కలలో ఏలూరులో ఏదో పేరంటం. ఆడవాళ్ళంతా చాప మీద వరసగా కూర్చున్నారు, ఈవిడ పసుపు గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి కాళ్ళకీ రాసుకుంటూ వస్తోంది. చివర కొయ్యమనిషి కూర్చుని ఉంది. ఒక్క కాలే చాపింది. రెండో కాలేదమ్మా అని అడిగితే, నీ దగ్గరుందిగా, అందట.

పొద్దున ఆవిడ బంతిపూలు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వచ్చింది. ఆయుధపూజ అని సీఫూకి చెప్తే సంతోషంగా పక్కకి జరిగి ఊదొత్తి తనే వెలిగించాడు. నేనూ వెళ్ళాను. రంగు కాగితం అంటించిన కిటికీల్లోంచి తేనెరంగు వెలుగు నేలంతా పరుచుకుని ఉంది. పొగ మెల్లిగా పైకి వెళ్తోంది. ముఖం లేని కొయ్యకి ముఖం ఉండాల్సిన చోట బొట్టు పెట్టింది, మూడు చేతులకీ గంధం రాసింది. తర్వాత కింద కూర్చుని, గిన్నెలో పసుపు తడిపి, ఆ వంచిన కాలికి మోకాలి నుంచి కొసదాకా నిండుగా రాసింది, ముత్తయిదువకి రాసినట్టే. రాసి, వంగి దండం పెట్టింది. కొబ్బరికాయ పార్కింగ్ లాట్ అంచున కొట్టాం.

ఇక మొదలెట్టు, అన్నాడు సీఫూ.

మొదలెట్టింది. నామాలూ చేతులూ కలిసి నీళ్ళలా వెళ్ళాయి. మొదటి తన్ను చోటు వచ్చింది. దమయంతక్క ఆగింది. కాలు లేవలేదు. మళ్ళీ మొదటినుంచి వచ్చింది, మళ్ళీ అక్కడే ఆగింది. పాదం నేలకి అంటుకుపోయినట్టు ఉంది. పసుపు పచ్చగా మెరుస్తున్న ఆ కాలి వంక చూస్తూ అలాగే నిలబడింది. నాకు అప్పుడు తట్టింది ఏం జరిగిందో. తన్నబోయేముందు కాళ్ళకి పసుపు రాసి దండం పెట్టే తెలివి మనకి తప్ప ఎవరికుంటుంది?

ఒక్కరోజు కాదు, రోజూ అదే. వచ్చేది, చేసేది, అక్కడ ఆగేది. గోడ ఇవతల నాకు చప్పుడు వస్తూ వస్తూ ఆగిపోయేది, సీసాలు మోగడం మానేసేవి. పదహారేళ్ళ దేదీప్య ఒకరోజు తల్లిని తీసుకెళ్ళడానికొచ్చి, "ఆంటీ, అమ్మ జస్ట్ నిల్చుంది. తన్నట్లేదు. షీ ఈజ్ లైక్, ఏడుస్తోంది," అని నా దగ్గర చెప్పి తనూ కళ్ళు తుడుచుకుంది.

సీఫూ మొదట తుంటి నొప్పేమో అని తైలం ఇచ్చాడు. అసలు సంగతి నేనే చెప్పాను. ఆయన ఎర్రపలక వైపు చూశాడు. మా గురువు పేరున్న పలకని తన్నమంటే నేనూ తన్నలేను, అన్నాడు. కానీ కొయ్యమనిషిని తన్నమని చెప్పింది కూడా ఆ గురువే కదా, ఆచారం మార్చడానికి నేనెవర్ని, అన్నాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

నేను గిన్నెలు తోమే సబ్బు, పీచు పట్టుకెళ్ళాను. పసుపు పోతే పట్టింపు పోతుందని నా లెక్క. ఎంత తోమినా కొయ్యలోకి ఇంకిపోయిన పసుపు పోదే. దమయంతక్క నా చెయ్యి పట్టుకుంది. "తుడిస్తే పోయేదైతే రాయడమెందుకు ఉషా? వదిలెయ్. నేను ఏ నామం చెప్తూ తన్నను ఆవిడని?" అంది. ఆ గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. హ్యూస్టన్‌కి పంపించడానికి అట్టపెట్టెలు కూడా వచ్చేశాయి. ఆవిడ వాటిని చూడకుండా, ఇంటిదారి పట్టింది.

ఆఖరు శనివారం ఇంకో రెండు రోజులుందనగా చక్రపాణిగారు బియ్యం బస్తా కోసం మా కొట్టుకొచ్చాడు. నా నోరు ఊరుకోలేదు. ఆ వ్యాన్‌లో కూర్చుని మీకేం తెలుసని మొదలెట్టాను. పొడుగు చేతుల జాకెట్లు, ఆరేళ్ళ సాధన, పసుపు, లేవని కాలు, అట్టపెట్టెలు, అన్నీ దులిపేశాను. నా మొగుడు మోహన్ స్టాక్ రూమ్‌లోంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి పోయాడు. చక్రపాణిగారు నవ్వుతాడనుకున్నాను, లేదా పిచ్చిదండి మా ఆవిడ అంటాడనుకున్నాను.

ఆయన బియ్యం బస్తా కింద పెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆఫీసులో తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు కూడా ఇలాగే ఉంటాడేమో.

"ఉద్వాసన చెప్పిందాండి?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"పూజ చేసినప్పుడు అమ్మవారిని పిలిచింది కదా. మళ్ళీ వెళ్ళిరమ్మని సాగనంపాలి. మా ఇంట్లో అది ఎప్పుడూ నేనే చేస్తాను, అందుకే తనకి తోచి ఉండదు. ఉద్వాసన కానప్పుడు ఆవిడ అందులోనే ఉన్నట్టు. మరి కాలెలా లేస్తుంది?"

ఇంతమందిమి ఉన్నాం, ఆవిడ పట్టింపుని పట్టింపుగా చూసినవాడు ఈయనొక్కడే.  బియ్యం మర్చిపోయి వెళ్ళిపోతుంటే, మోహన్ వెనకాల పరుగెత్తి వ్యాన్‌లో పెట్టొచ్చాడు.

శనివారం పొద్దున కొట్టు మోహన్‌కి అప్పజెప్పి నేను బడికి వెళ్ళాను. బడి సగం ఖాళీ అయిపోయింది. ఎర్రపలక ఇంకా గోడకే ఉంది, కొయ్యమనిషి మూల ఉంది, పసుపు కాలితో. వ్యాన్ వచ్చి ఆగింది. ఈసారి ఇంజన్ ఆగింది. చక్రపాణిగారు దిగాడు. పట్టుపంచె కట్టుకుని, పైన చలికోటు వేసుకుని, చేతిలో పంచపాత్ర, అక్షింతల గిన్నె. గుమ్మంలో చెప్పులు విడిచి, సీఫూకి నమస్కారం పెట్టి లోపలికొచ్చాడు. వెనక దమయంతక్క. ఆవిడ వేసుకున్నది చేతుల్లేని బనీను. ముంజేతుల మీద మచ్చలన్నీ వెలుగులో కనిపిస్తున్నాయి. ఆయన చూశాడు, చూపు తిప్పుకోలేదు.

నేల మీద చాప వేసి కూర్చున్నారు. ముందు మళ్ళీ పసుపు రాసి చిన్న పునఃపూజ చేసి తర్వాత సాగనంపాలట. ఆయన ఆచమనం చేసి సంకల్పం ఎత్తుకున్నాడు. క్రౌంచద్వీపం, టెక్సస్ రాష్ట్రం, ఇర్వింగ్ నగరం, అన్నీ వరసగా వచ్చాయి. గోత్రం చెప్పాడు. చక్రపాణి నామధేయస్య, అన్నాడు. తర్వాత రావలసింది ధర్మపత్నీ సమేతస్య. ఏ పూజలోనైనా ఆవిడ వచ్చేది ఆ మాటలోనే, పేరు లేకుండా.

ఆయన ఆగిపోయాడు. మర్చిపోయాడనుకున్నాను.

"ఇది నేను చేసిన పూజ కాదు కదా," అన్నాడు నెమ్మదిగా. దీనికి సంస్కృతంలో ఎలా చెప్పాలో ఆయనకి రాదు, పుస్తకంలో ఉన్నదే వచ్చు. అందుకని తెలుగులో చెప్పాడు, అమ్మవారికి వినపడేలా, గట్టిగా. "తల్లీ, దమయంతి. దమయంతి చేసిన పూజ ఇది. భర్త సమేతంగా వచ్చింది."

దమయంతక్క తలెత్తలేదు.  సీఫూ నా వైపు వంగి, ఏమన్నాడని అడిగాడు. ఈ పని ఆవిడదట, ఈయన ఆవిడతో పాటు వచ్చాడట, అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తలూపి, ఎర్రపలక ముందు ఇంకో ఊదొత్తి వెలిగించాడు.

అక్షింతలు ఆవిడే వేసింది. వెళ్ళి మళ్ళీ రా తల్లీ అని ఆయన చెప్పించినట్టు చెప్పి, కొయ్యమనిషిని రెండు చేతులతో పట్టుకుని ఈశాన్యం వైపు కాస్త కదిపింది. పట్టీల మీద అది మెల్లిగా ఊగి, ఊగి, ఆగింది. కిటికీలో వెలుగు కదిలినట్టనిపించింది. మబ్బు పోయి ఉంటుంది. నాకు మాత్రం ఎవరో లేచి, పక్కనుంచి నడిచి, గుమ్మం దాటి వెళ్ళినట్టే ఉంది. చెప్పానుగా, నాకు కలలు కనే ఓపిక లేదని. అయినా పక్కకి జరిగి దారిచ్చాను.

దమయంతక్క లేచి నిలబడింది. మొదలెట్టింది. పెదాలు కదులుతున్నాయి, చేతులు వెళ్తున్నాయి. టక్, టకటక్, టక్. ఇన్నేళ్ళూ గోడ అవతలినుంచి విన్నదాన్ని, ఇవతల కూర్చుని వింటుంటే, మా కొట్లో ఆవకాయ సీసాలు మోగడం సన్నగా వినిపించింది. ఇటునుంచి అది ఎలా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు. గుళ్ళో ఎక్కడో లోపల గంటలు కదిలినట్టుంది.

ఆ చోటు వచ్చింది. ఊపిరి తీసుకుంది. పాదం లేచింది. పచ్చటి ఆ కాలిని ఆవిడ కాలు తాకిన చప్పుడు చేతుల చప్పుడులా లేదు, లోతుగా, బరువుగా ఉంది. దూలం వెనక్కి ఊగి మళ్ళీ వచ్చింది. ఆవిడ ఆగలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు, తుడుచుకుంటే వరస ఆగిపోతుంది. ఒక్కో తన్నుకీ ఆవిడ కాలూ కొయ్యకాలూ పక్కపక్కన నిలబడ్డప్పుడు ఆ కల గుర్తొచ్చింది. రెండో కాలు నీ దగ్గరుందిగా, అన్న మాట. చివరి నామం దాకా వెళ్ళి, చేతులు కిందకి దించి నిలబడింది. అరికాలంతా పసుపు.

 సీఫూ వెళ్ళి నల్లగుడ్డ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "దమా, తీసుకెళ్ళు," అన్నాడు.

కొయ్యమనిషిని ఊడదీసి వ్యాన్‌లో పెట్టడానికి నలుగురం పట్టాం. సీట్లన్నీ మడవాల్సి వచ్చింది. చేతులు, కాలు విడిగా తీసి పక్కన పేర్చాం. ఇద్దరూ కలిసి వచ్చినప్పుడు వ్యాన్ ఎప్పుడూ ఆయనే నడిపేవాడు. ఆ రోజు ఆయన తాళాలు ఆవిడకిచ్చి, తను వెనక దూలం జారిపోకుండా పట్టుకుని నేలమీద కూర్చున్నాడు. పోలీసులు చూస్తే టికెట్టే అన్నాను. చూడరులెండి, అన్నాడు. తలుపు వెయ్యబోతూ చూశాను. పట్టుపంచె కట్టుకున్న ఆ మనిషి, తన చలికోటు విప్పి, హైవే మీద కుదుపులకి దెబ్బ తగలకుండా, ఆ పసుపు రాసిన కాలికి చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు.